రోజూ మూడు అధ్యాయాలు చదువుతున్నా దేవుడు దూరంగానే ఉన్నట్టుంది. ఎక్కడ తేడా కొడుతోంది?

సీయోను_బాట:
అందరికీ వందనాలు. ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే పట్టిక ప్రకారం రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. ఆ తర్వాత పావుగంట ప్రార్థన. పట్టికలో టిక్కులు పడుతున్నాయి గానీ పుస్తకం మూశాక ఏం చదివానో గుర్తుండట్లేదు. ప్రార్థనలోనూ అవే మాటలు, అదే వరస. యోహాను 10:10లో యేసు చెప్పిన సమృద్ధియైన జీవం ఇదేనా? దేవునికి దగ్గరగా ఉండటమంటే అనుభూతా, అలవాటా? ఆచరణలో పెట్టేలా చెప్పండి. "ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యి" అని మాత్రం అనొద్దు.

నెమరు:
వందనాలండి. ముందు లెక్క చూద్దాం. మన 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు. ఆ పట్టికను ఆ సంఖ్యను 365 రోజులకు సర్దడానికే కట్టారు. ఆదికాండం 50, నిర్గమకాండం 40 దాటేసరికి జనవరి అయిపోతుంది, లేవీయకాండం బలుల దగ్గర చాలామంది చతికిలబడతారు. అలాగని పట్టిక మానొద్దు, గ్రంథం మొత్తం ఎలా సాగుతుందో తెలియాలంటే అది ఉండాలి. దాన్ని సాయంత్రానికి జరపండి, లేదా బస్సులో ఆడియో వినండి. పొద్దున మాత్రం పది వచనాలు దాటొద్దు.

కీర్తన 1:2లో "ధ్యానించు" అన్నచోట హీబ్రూ మాట "హాగా". కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు, పెదాల మధ్య గొణుక్కోవడం. యెషయా 31:4లో ఎర మీద నిలబడి గుర్రుమనే సింహానికీ అదే క్రియ వాడారు. కాబట్టి నోరు కదలాలి.

రేపు మార్కు 10:46–52 తీయండి, ఏడే వచనాలు. ఒకసారి మామూలుగా, రెండోసారి పైకి మెల్లగా, మూడోసారి మనసు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఆగిపోతూ చదవండి. గుడ్డివాడైన బర్తిమయిని యేసు ఒక ప్రశ్న అడుగుతాడు: నీకేం చేయమంటావు? ఇప్పుడు అదే అధ్యాయంలో పైకి, 36వ వచనానికి వెళ్లండి. యాకోబు, యోహానులనూ అదే అడిగాడు. వాళ్లు మహిమలో కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఒకరికి చోటు కావాలన్నారు. ఇతను చూపు చాలన్నాడు. పట్టిక వేగంలో ఇది కంటికి ఆనదు.

మీ ప్రార్థన ఆ ప్రశ్నకు మీ జవాబు. "కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ ఉదయకాల సమయమందు" అనే వరస సంఘంలో బాగుంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నోరు దాన్ని అప్పజెబుతూ పోతుంది, మనసేమో వంటింట్లో తిరుగుతుంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక్క వాక్యం చాలు: "తమ్ముడి మీద కోపం పోవట్లేదు ప్రభువా, తీసెయ్యి." తేదీ వేసి రాసుకోండి. తర్వాత ఐదు నిమిషాలు మౌనం. అంతా కలిపి 25 నిమిషాలు.

ఇది ఇప్పుడు కనిపెట్టిందేం కాదు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని కార్తూసియన్ అనే సన్యాసుల సంఘానికి చెందిన రెండో గీగో దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, ధ్యానం, ప్రార్థన, దేవుని సన్నిధిలో ఊరకే ఉండటం. ముద్ద నోట్లో పెట్టుకోవడం, నమలడం, రుచి తెలియడం, ఆ తీపిలోనే ఉండిపోవడం అని పోల్చాడు. మీరు ముద్ద మీద ముద్ద కుక్కుకుంటున్నారు, అంతే.

పందిరికింద:
జీవం అంటే ఏమిటో యోహాను 17:3లో యేసే చెప్పాడు: తండ్రినీ, ఆయన పంపిన క్రీస్తునూ ఎరుగుట. "తెలియుట" కాదు, "ఎరుగుట". ఎరిగిన మనిషి, ఎరగని మనిషి అంటాం చూడండి, ఆ ఎరుక. చనిపోయాక మొదలయ్యేది కాదు, ఇప్పటిదే.

ఇక యోహాను 15వ అధ్యాయం, యేసు తాను ద్రాక్షావల్లి, మనం తీగెలు అన్న చోటు. 4 నుంచి 10 వరకు ఏడు వచనాల్లో "నిలిచియుండు" అనే క్రియ గ్రీకులో పదిసార్లు వస్తుంది. ఫలించమనే ఆజ్ఞ అక్కడ ఒక్కటీ లేదు, నిలిచియుండమనే ఉంది. ద్రాక్ష సాగు తెలిసినవాళ్లకు ఇది చప్పున ఎక్కుతుంది. మన దక్కన్‌లో చలి చాలదు కాబట్టి తీగ తనంతట తాను ఆకు రాల్చి నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్లో ఒకటి, అక్టోబర్లో ఒకటి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చిన కొమ్మల కళ్లలోనే గెల రూపు కడుతుంది. బయటికి మాత్రం ఆకులే. అక్టోబర్లో మళ్లీ కత్తిరిస్తేనే ఆ గెల కనబడుతుంది. కత్తెర పడకపోతే పందిరి పచ్చగా కమ్ముకుంటుంది గానీ కాపు రాదు. ఇశ్రాయేలు తోటల లెక్క వేరు, అక్కడ చలికాలముంది, కానీ 15:2లో ఫలించే తీగెకు తండ్రి చేసే పని ఇదే, కత్తిరించడం. ఈ వారం చదివినదానికి ఈ వారమే ఫలం వెతుక్కోకండి. మీటింగుల సంఖ్య పచ్చదనం కావచ్చు, ఫలం కాకపోవచ్చు.

బెరయ:
బ్రదర్స్, జాగ్రత్త. పది వచనాలు చదివితే దగ్గర, మానేస్తే దూరం అని బోధిస్తే ధర్మశాస్త్రం కిందికి తోసినట్టే. రక్షణ కృపచేతనే అన్న ఎఫెసీ 2:8 మర్చిపోవద్దు. ఇంకో సంగతి, 10:10 ఎత్తగానే కొన్ని కూటాల్లో సమృద్ధి అంటే ఇల్లు, కారు, వీసా. లూకా 12:15 తీస్తే అది కూలిపోతుంది, కలిమి విస్తరించడం జీవానికి మూలం కాదని ప్రభువే అన్నాడు.

పందిరికింద:
ఒప్పుకుంటానన్నా. 15:3 కూడా మీవైపే: "ఇప్పుడు పవిత్రులై యున్నారు" అన్నాక నిలిచియుండమన్నాడు. తీగ వెళ్లి చెట్టుకు అతుక్కోదు. పొద్దుటి 25 నిమిషాలు పందిరి గుంజల్లాంటివి, వాటిలో జీవరసం ఉండదు. కానీ గుంజలు పీకేస్తే తీగ నేలమీద పడి కుళ్లుతుంది, అదీ చూస్తున్నాం కదా.

సీయోను_బాట:
మార్కు 10 చేసి చూశాను. మౌనం దగ్గరే ఇబ్బంది. కళ్లు మూస్తే నిద్ర, తెరిస్తే ఫోన్. ఇంకోటి, కీర్తన 27:14లో "కనిపెట్టుకొని యుండుము" అన్నాడు. ఏం కనిపెట్టాలండీ?

నాల్గవ_జాము:
భలే అడిగారు. అది సైంటిస్టులు చేసే కనిపెట్టడం కాదు. ఆస్పత్రిలో రోగి మంచం పక్కన కనిపెట్టుకుని ఉంటాం చూడండి, అది. ఏమీ చేయలేం, అయినా కుర్చీలోంచి లేవం. ఆ ఐదు నిమిషాల మౌనం సరిగ్గా అంతే.

నిద్ర వస్తే వెన్ను ఆనించని కుర్చీలో కూర్చోండి, లేదా నిలబడండి. రాత్రంతా ఆరాధనలో ఉండి పొద్దున అయిదింటికి లేస్తే మాత్రం నిద్ర రావడం తప్పు కాదు, ఒళ్లు అడుగుతోంది. 1 రాజులు 19లో చావు కోరుకున్న ఏలీయాకు దూత రెండుసార్లు తిండి పెట్టాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ మీద. ఫోన్ పక్కగదిలో ఉండాలి, బైబిల్ కాగితంది కావాలి. ఫోన్లో యాప్ తెరిచారంటే వాట్సాప్ కూడా దానితోపాటే తెరుచుకుంటుంది.

ఏ పద్ధతికీ లొంగని ఎండుదనం ఉంటే రెండు చూసుకోండి. మొదటిది మత్తయి 5:23–24, ఎవరితోనైనా గొడవ అలాగే వదిలేశారా? అర్పణ బలిపీఠం దగ్గర వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. మూడేళ్లుగా మాటల్లేని వదినకు ఒక ఫోన్ కాల్ చేయడం నలభై రోజుల ఉపవాసం కన్నా కష్టమే. 1 యోహాను 3:14 కూడా మరణంలోంచి జీవంలోకి దాటామనడానికి గుర్తు సహోదర ప్రేమే అంటుంది. రెండోది ఆరోగ్యం. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దాన్ని విశ్వాసలోపం అననివ్వకండి.

ఇవేవీ కాకపోతే కీర్తన 88 చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి లేదు. అయినా కీర్తనల్లో దానికి చోటుంది, మొదటి మాటే "నాకు రక్షణకర్తవగు దేవా".

మార్కు తర్వాత లూకా 15 పెట్టుకోండి. 32 వచనాలు ఒకేరోజు వద్దు. 1–7, 8–10, 11–24, 25–32, నాలుగు పొద్దులు. చివరి భాగం దగ్గర ఇంకో రోజు ఆగినా పర్లేదు. తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడి విందుకు ఆ పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు.