స్టెంట్ వేసిన పెద్దవారు తాయ్ చీ చేయవచ్చునా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. స్టెంట్ వేసి రెండేళ్లయింది, ఈమధ్య కుర్చీలోంచి లేవడానికే చేతి ఊతం కావలసివస్తోంది. ఆర్కే బీచ్‌లో కొందరు తాయ్ చీ చేయడం చూసి తానూ నేర్చుకుంటానంటున్నారు. యుద్ధవిద్య కదా అని నాకు సంకోచంగా ఉంది.

జవాబు: పుట్టుక యుద్ధవిద్యే అయినా, 1956లో చైనాలో కూర్చిన 24 భంగిమల సులభ పద్ధతిలో తలపడటం గానీ గెంతడం గానీ ఉండవు. కాలెత్తే భంగిమలను మానివేయవచ్చు. శరీరభారాన్ని ఒక కాలి నుంచి మరొక కాలికి నెమ్మదిగా మార్చడమే అసలు సాధన కనుక, తూలిపడే ప్రమాదం కూడా తగ్గుతుంది.

జవాబు: రక్తపోటు కొద్దిగా ఎక్కువగా ఉన్న 342 మందిపై చైనాలో జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తరువాత రక్తపోటు కొలతలోని పై అంకె (సిస్టోలిక్) తాయ్ చీ చేసినవారిలో సుమారు 7 పాయింట్లు, వేగంగా నడవడం వంటి ఏరోబిక్ వ్యాయామం చేసినవారిలో సుమారు 4.6 పాయింట్లు తగ్గింది. అయితే వారెవరూ 65 ఏళ్లు దాటినవారు కారు. ఆ అంకెలను మీ నాన్నగారికి యథాతథంగా అన్వయించకండి.

జవాబు: ముందుగా హృద్రోగ వైద్యుని అనుమతి తీసుకోండి. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడుతున్నట్లయితే నాడి వేగం శ్రమకు తగినట్లు పెరగదు కాబట్టి, చేస్తూ తడబడకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే కొలతగా పెట్టుకోండి. మొదట ఇంట్లోనే, కుర్చీలో కూర్చొని చేయించండి. ఇసుకలో మాత్రం వద్దు. మన ఊరి ఉక్కపోతలో ఎండెక్కాక అసలే వద్దు.