ఆఫీసు పని మీద విదేశం: చిన్న కెమెరా కొనాలా, ఫోన్ సరిపోతుందా?

కొత్త_ప్రయాణం:
వచ్చే నెల ఆఫీసు పని మీద 9 రోజులు విదేశం వెళ్తున్నాను. మొదటి మూడు రోజులు యంత్రాల ఎగ్జిబిషన్, ఆ తర్వాత రెండు ఫ్యాక్టరీలు. తిరిగొచ్చాక ఫొటోలతో రిపోర్టు ఇవ్వాలి. యంత్రం మొత్తం, దాని నేమ్‌ప్లేట్, కంట్రోల్ ప్యానెల్, స్టేజీ మీద వేసే స్లైడ్లు, ఇవీ తీయాల్సినవి. సాయంత్రాలు ఊరు చూడ్డానికి వీలు దొరికితే ఆ ఫొటోలు అదనం. నా ఫోన్‌లో మామూలు లెన్సు, వైడ్ లెన్సు ఉన్నాయి, జూమ్ లెన్సు లేదు. కోటు జేబులో పట్టే చిన్న కెమెరా ఒకటి తక్కువలో చూద్దామనుకుంటుంటే ఇంట్లో వాళ్లు “చేతిలో ఫోన్ పెట్టుకుని మళ్లీ కెమెరా ఏంటి?” అంటున్నారు. నాకూ ఏదీ తేలడం లేదు.

ఫోన్_చాలు:
మీ ఇంట్లో వాళ్లే కరెక్ట్. 2010లో ప్రపంచమంతా కలిపి 10 కోట్లకు పైగా కాంపాక్ట్ (జేబులో పట్టే చిన్న) కెమెరాలు కంపెనీల నుంచి బయటికొచ్చాయి. 2023కి అది 20 లక్షల లోపుకి పడిపోయింది. జనం ఊరికే మానేశారా? తక్కువ ధర కాంపాక్టుల్లో ఉండే సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు, పెద్దదైతే మేలు) 1/2.3 అంగుళాల రకం, అంటే 6.17 × 4.55 మి.మీ. గుణిస్తే 28 చదరపు మి.మీ. కొత్త ఖరీదైన ఫోన్లలో చాలావాటి మెయిన్ కెమెరాలో 70 చదరపు మి.మీ. దాకా ఉంటోంది. చిన్న సెన్సర్ కోసం డబ్బు పెట్టి, దాన్ని మోసుకుని తిరగడం ఎందుకండీ?

పాత_లెన్సు:
లెక్క బాగుంది గానీ సగమే చెప్పారు. ఆయన ఫోన్‌లో జూమ్ లెన్సు లేదన్నారు కదా. మెయిన్ లెన్సు 24 మి.మీ. అనుకుందాం (లెన్సుకి ఈ అంకె చిన్నదైతే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరానివి దగ్గరగా వస్తాయి). దూరంగా ఉన్న నేమ్‌ప్లేట్ కోసం నాలుగు రెట్లు జూమ్ చేస్తే ఫోన్ చేసేది ఫొటో మధ్య ముక్కను కత్తిరించడమే. అటు నాలుగో వంతు, ఇటు నాలుగో వంతు, అంటే సెన్సర్‌లో పదహారో వంతు. మీ 70లో మిగిలేది నాలుగున్నర చదరపు మి.మీ. కూడా లేదు! కెమెరాలో లెన్సే ముందుకు జరుగుతుంది కాబట్టి సెన్సర్ మొత్తం పనిచేస్తుంది. మీరు తీసిపారేసిన ఆ 28 కూడా అక్కడ పెద్దదే.

నా సలహా అయితే అదీ కాదు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక అంగుళం రకం సెన్సర్ ఉన్నది చూడండి. పేరుకే అంగుళం, నిజం కొలత 13.2 × 8.8 మి.మీ. (పాతకాలం వీడియో ట్యూబుల కొలత నుంచి వచ్చిన పేరది, ఇప్పటికీ మనల్ని మోసం చేస్తూనే ఉంది.) సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 2012 నాటిది. 28 నుంచి 100 మి.మీ. జూమ్, బ్యాటరీతో కలిపి 240 గ్రాములు. కొత్త మోడళ్ల జోలికి పోనక్కర్లేదు, మీ పనికి ఇది చాలు.

ఫోన్_చాలు:
సెకండ్‌హ్యాండా! ఆ ముచ్చట నాకూ తీరింది. ఒకాయన దగ్గర అలాంటిదే తీసుకుని ట్రిప్‌కి పట్టుకెళ్లాను. రెండో రోజు పొద్దున ఆన్ చేస్తే లెన్సు సగం దాకా వచ్చి కర్రుమని ఆగిపోయింది. బయటికి రాదు, లోపలికి పోదు. మూతపడని ఆ లెన్సును సాక్సులో చుట్టి మిగతా నాలుగు రోజులూ మోశాను. ఫొటోలన్నీ ఫోన్‌తోనే తీశాను. ఆఫీసు పనికి వెళ్లేటప్పుడు అంత టెన్షన్ అవసరమా?

పాత_లెన్సు:
అందుకే కొనేముందు చేతిలో పట్టుకుని ఇరవైసార్లు ఆన్, ఆఫ్ చేసి చూడాలి. తెల్లగోడను చిన్న అపర్చర్‌లో (లెన్సు రంధ్రం బాగా తగ్గించి) తీస్తే సెన్సర్ మీద దుమ్ము ఉంటే మచ్చలుగా కనబడుతుంది. ఫొటో చూసి కొనడం పెళ్లిచూపులు ఫొటోలో కానిచ్చినట్టే.

దూరం_దగ్గర:
ఇంత తర్జనభర్జన ఎందుకు? కేనన్ ఎస్ఎక్స్740 తీసుకోండి. 40 రెట్ల జూమ్, 960 మి.మీ. దాకా. హాలు ఆ చివర ఉన్న స్లైడ్ ఈ చివర నుంచి చదవొచ్చు.

పాత_లెన్సు:
ఎండలో చదవొచ్చు. జూమ్ చివర ఆ లెన్సు ఎఫ్/6.9, అంటే లోపలికొచ్చే వెలుతురు బాగా తక్కువ. లైట్లు తగ్గించిన హాల్లో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా పెంచుకునే సున్నితత్వం) పెరిగి అక్షరాల బదులు చీమలు కనిపిస్తాయి.

స్టాల్_నంబర్_7:
ఏటా మూడు నాలుగు ఎగ్జిబిషన్లు తిరుగుతాను. మీరంతా సెన్సర్ దగ్గరే ఆగిపోయారు. అక్కడ అసలు తలనొప్పి లైట్లు. ఎల్ఈడీ లైట్లు, ఎల్ఈడీ గోడలు కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి. షట్టర్ వేగం ఎక్కువైతే (ఫొటో తీసే సమయం మరీ చిన్నదైతే) ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి. కొన్ని ప్రొజెక్టర్లు రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేస్తాయి కాబట్టి స్లైడ్ సగం ఎర్రగా, సగం ఆకుపచ్చగా వస్తుంది. షట్టర్ వేగం మన చేతిలో ఉండాలి. యూరప్‌లో కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) లేదా 1/100 పెట్టి చూస్తాను. అమెరికాలో 60 హెర్ట్జ్, కాబట్టి 1/60 లేదా 1/125. జపాన్ అయితే మరీ చిత్రం, తూర్పు సగం 50, పడమర సగం 60. ప్రతి ఎల్ఈడీ దీనికి లొంగదు గానీ చాలాసార్లు పని జరుగుతుంది. కాబట్టి ఏది కొన్నా షట్టర్ మనమే పెట్టుకునే మోడ్ ఉందో లేదో చూడండి. బాగా చౌక కాంపాక్టుల్లో చాలావాటికి అది ఉండదు.

ఇంకోటి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించిన చోట్లు చూశాను. ఫోన్‌లో తీసింది దానంతటదే క్లౌడ్‌లోకి పోతుందని వాళ్ల భయం. ఒకచోట మాత్రం “మెమరీ కార్డు వెళ్లేటప్పుడు మాకు చూపిస్తానంటే కెమెరా తెచ్చుకోండి” అన్నారు. అన్నిచోట్లా అలా ఒప్పుకోరు. వెళ్లేముందే మెయిల్ పెట్టి అడగండి. అడక్కుండా కెమెరా తీస్తే ఫోన్ కంటే దానివైపే ముందు చూస్తారు.

నిన్న_చేరాను:
ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్ అని పేరు తెలియని బ్రాండ్ కెమెరాలు చాలా తక్కువకే ఉన్నాయి. అవి ఎలా ఉంటాయి?

పాత_లెన్సు:
వద్దు. ఆ జూమ్ దాదాపు ఎప్పుడూ డిజిటల్ (ఫోన్‌లా ముక్క కత్తిరించడమే), ఆ మెగాపిక్సెళ్లు సాఫ్ట్‌వేర్‌తో ఉబ్బించినవి.

కొత్త_ప్రయాణం:
అందరికీ థాంక్స్. వాదన వింటూ కూర్చోవడం కంటే పరీక్ష పెట్టడం మేలనిపించింది. మా సెక్షన్‌లో ఒకాయన దగ్గర పైన చెప్పిన ఆర్ఎక్స్100 పాతది ఉంటే ఒక రోజుకు అడిగి తెచ్చాను. ఆఫీసులో జనరేటర్ గదికి ఇనుప కంచె ఉంది. దాని బయట నిలబడి, నాలుగు మీటర్ల దూరంలో ఉన్న నేమ్‌ప్లేట్‌ను రెండింటితో తీశాను. ఫోన్‌లో కంపెనీ పేరు తెలుస్తోంది, సీరియల్ నంబర్‌లో మాత్రం 8 ఏదో 3 ఏదో తెలియడం లేదు. కెమెరాలో నంబరే కాదు, ప్లేటు బిగించిన స్క్రూ మీది తుప్పు కూడా కనబడింది.

తర్వాత తలుపు తీయించి లోపలికెళ్తే కథ తిరగబడింది. గోడకూ యంత్రానికీ మధ్య ఇరుకు. కెమెరాలో 28 మి.మీ. కంటే వైడ్ లేదు, యంత్రం సగమే పట్టింది. ఫోన్ వైడ్ లెన్సులో మొత్తం వచ్చింది. జూమ్ చేసి వైరింగ్ దగ్గరగా తీద్దామంటే అర మీటరు వెనక్కి జరిగితే తప్ప ఫోకస్ కాదంటుంది, జరగడానికి చోటేదీ?

కెమెరా తిరిగి ఇవ్వబోతే ఆయన “నేను వాడి ఏడాదైంది, ట్రిప్ అయ్యాకే ఇవ్వండి” అన్నారు. కాబట్టి రెండూ తీసుకెళ్తున్నాను. ఖర్చు ఒక అదనపు బ్యాటరీ, అంతే.

ఫోన్_చాలు:
చూశారా! చివరికి కొనలేదుగా. నేను చెప్పిందీ అదే.

పాత_లెన్సు:
చివరికి తీసుకెళ్తున్నారుగా. నేను చెప్పిందీ అదే.

స్టాల్_నంబర్_7:
అదనపు బ్యాటరీ చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో విడి లిథియం బ్యాటరీలు ఒప్పుకోరు. ఆ కెమెరాకి టైప్-సి పట్టదు, మైక్రో యూఎస్‌బీ కేబుల్ ఆయన్నే అడగండి. దిగగానే కెమెరాలో టైమ్ మార్చడం మర్చిపోకండి. ఫోన్ తనంతట తానే మార్చుకుంటుంది, కెమెరా మార్చుకోదు. నా మొదటి రిపోర్టులో మధ్యాహ్నం మీటింగ్ ఫొటోలన్నీ అర్ధరాత్రి తీసినట్టున్నాయి. మేనేజర్ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.