ఫౌండేషన్ పంపే ఫీడ్‌బ్యాక్ సర్వేలో ఉన్నదున్నట్టు రాయొచ్చా? నింపినవాళ్లు చెప్పండి

నడక:
మా సంస్థకు గ్రాంటు ఇచ్చే ఫౌండేషన్ సర్వే పంపింది. దరఖాస్తు నుంచి రిపోర్టుల దాకా ఎలా జరిగింది, మా గ్రాంటు చూసుకునే వాళ్ల ప్రోగ్రామ్ ఆఫీసర్ సరిగ్గా స్పందిస్తున్నారా అని అడుగుతున్నారు. నిజం రాయాలనే ఉంది, కానీ రెన్యూవల్ వాళ్ల చేతుల్లోనే ఉంది. మీరు రాశాక ఏమైనా మారిందా?

పద్దుపుస్తకం:
సర్వే ఎవరు చేస్తున్నారో ముందు చూడండి. ఫౌండేషన్ సొంత ఫారమా, బయటి సంస్థ చేస్తోందా? అమెరికాలో సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ 2000ల తొలినాళ్ల నుంచి 'గ్రాంటీ పర్సెప్షన్ రిపోర్ట్' పేరుతో ఇదే పని చేస్తోంది. ఎవరు ఏమన్నారో చెప్పకుండా ఫలితాలు మాత్రమే ఫౌండేషన్‌కి ఇస్తుంది. చాలా ప్రశ్నలకు 1 నుంచి 7 వరకు మార్కులు. నా దృష్టిలో అసలు విలువ మిగతా ఫౌండేషన్లతో పోల్చి చూపించడంలో ఉంది. డబ్బిచ్చేవాళ్లకు మొహమాటం కొద్దీ అందరూ మంచి మార్కులే వేస్తారు కదా. సగటు బాగుందని సంతోషించిన ఫౌండేషన్ కూడా, మిగతావాటి పక్కన పెట్టి చూస్తే కింది వరసలో ఉండొచ్చు.

వానచినుకు:
మేం చాలా వివరంగా రాసి పంపాం. 'ధన్యవాదాలు' అని మెయిల్ వచ్చింది, అంతే. కొన్నాళ్లకు మళ్లీ అవే ప్రశ్నలు. ఈసారి మావాళ్లెవరూ మనసు పెట్టి నింపలేదు. ఏం విన్నారో, ఏం మారుస్తారో, ఏది మార్చలేరో చెప్పకపోతే అడగడమే మానేయాలి. చిన్న సంస్థల సమయం ఊరికే రాదు.

ఇటువైపు:
నేను నిధులిచ్చే వైపు పనిచేస్తాను. వానచినుకు గారు చెప్పింది నిజం. మా దగ్గర ఏం జరిగిందో చెబుతాను. మధ్యంతర రిపోర్టులో ఖర్చుల పట్టిక ఒకటి ఉండేది. సంస్థలు తమ పద్దులన్నీ మా పద్దుల పేర్లకు మార్చి రాయాలి. జీతాలను మూడు ముక్కలు చేసి మూడు గడుల్లో సర్దాలి. సర్వే వ్యాఖ్యల్లో ఆ పట్టిక మాట మళ్లీ మళ్లీ వచ్చింది. దీన్ని చదివేదెవరని లోపల అడిగితే, ప్రోగ్రామ్ వాళ్లు అకౌంట్స్ వైపు చూపించారు, అకౌంట్స్ వాళ్లు ప్రోగ్రామ్ వైపు చూపించారు. ఎవరూ చదవడం లేదు. తీసేశాం. ఇప్పుడు వాళ్ల ఆడిట్ లెక్కలే తీసుకుంటున్నాం.

ఇంకోటి, ఆఫీసర్ మారినప్పుడల్లా సంస్థలు తమ కథ మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వస్తోందని రాశారు. ఇప్పుడు పాత ఆఫీసర్ నోట్ రాసి, కొత్తవాళ్లను ఫోన్‌లో పరిచయం చేశాకే వెళ్తారు.

పద్దుపుస్తకం:
బయటికి చెప్పడం ఎంత ముఖ్యమో చూడండి. 2010లో గేట్స్ ఫౌండేషన్ అప్పటి సీఈఓ జెఫ్ రైక్స్ తమ సర్వే ఫలితాలను బహిరంగంగా చెప్పారు. చాలా అంశాల్లో మిగతా ఫౌండేషన్ల కంటే వెనకబడ్డామని ఒప్పుకున్నారు. లక్ష్యాలు స్పష్టంగా లేవని, నిర్ణయాలు ఎలా తీసుకుంటారో అర్థం కావడం లేదని సంస్థలు చెప్పాయి. అంత పెద్ద సంస్థ ఆ మాట పైకి అన్నాక, చిన్న ఫౌండేషన్లు దాచుకోవడానికి కారణం కనబడదు.

మెట్టు:
ఫారాలు కుదించడం తేలికండీ. ఏళ్ల తరబడి నమ్మకంగా వచ్చే నిధి, అవసరమైన చోట ఖర్చుపెట్టుకునే స్వేచ్ఛ, ఇవి అడిగితేనే బోర్డు దగ్గర ఆగిపోతాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వందల ఫౌండేషన్లు షరతులు సడలిస్తామని ప్రతిజ్ఞ మీద సంతకం చేశాయి. అంటే తలుచుకుంటే చేయగలరు. సర్వేలో నేను ప్రతిసారీ ఇదే రాస్తాను.

నడక:
చాలా థాంక్సండీ. ఒక్క భయం మిగిలింది. మా రంగంలో వాళ్లు నిధులిచ్చేది కొద్ది సంస్థలకే. వ్యాఖ్య చూస్తే మేమేనని పట్టేస్తారేమో?

ఇటువైపు:
ఆ అవకాశం ఉంది. ప్రాజెక్టు పేరు, తేదీలు, ఫలానా మీటింగ్‌లో అన్న మాట రాయకండి. పద్ధతి గురించి రాయండి: 'నిర్ణయం ఎప్పుడొస్తుందో ముందే చెప్పరు, అందువల్ల సిబ్బందిని నిలుపుకోలేకపోతున్నాం' అన్నట్టు. మాకు పనికొచ్చేది కూడా అలాంటి వాక్యమే. దరఖాస్తు పెట్టినా గ్రాంటు రానివాళ్లనూ అడగమని రాయండి, వాళ్ల మాట మాకు దాదాపు చేరదు.

నడక:
సరేనండి, అలాగే రాస్తాను. ఫలితాలు మాకు ఎప్పుడు చెబుతారో కూడా అడుగుతాను. జవాబు వస్తే ఇక్కడ పెడతాను.