మిర్రర్‌లెస్సా, పెద్ద సెన్సర్ కాంపాక్టా: పోచంపల్లి మగ్గాలు, పానగల్లు గుడి, సాగర్ గేట్లకు ఏది?

పడుగు-పేక:
అందరికీ నమస్తే. కెమెరా ఒకటి తీస్కోవాలె. తీయబోయేవి ఇవీ. పోచంపల్లి, కొయ్యలగూడెంల ఇండ్ల లోపల నేతపని, అంటే ఒక ట్యూబులైటు, ఒక కిటికీ వెలుతురు అంతే. నల్లగొండ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల గర్భగుడిల పొద్దంత పడే నీడ. గేట్లు ఎత్తినప్పుడు నాగార్జునసాగర్. ఇంటి పెండ్లిళ్లు. ఒక దిక్కు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకునే కెమెరా) సోనీ ఏ6400, దాంతోనే వచ్చే 16-50 కిట్ లెన్స్‌తో. ఇంకో దిక్కు లెన్స్ మారని చిన్న కాంపాక్ట్ కెమెరాలు: సెకండ్ హ్యాండ్‌ల సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3, లేకుంటే రికో జీఆర్ 3. దుకాణాల అడిగితే ‘సెన్సర్ పెద్దది, మిర్రర్‌లెస్సే తీస్కో’ అంటున్నరు. తెలిసినోళ్లు సెట్టింగులతో సహా చెప్పండ్రి.

నీలగిరి వెలుగు:
దుకాణంలో చెప్పింది సగమే నిజం అన్నా. సెన్సర్ (వెలుతురును ఫొటోగా పట్టే చిప్పు) ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, దాని ముందున్న లెన్స్ ఎంత వెలుతురు లోపలికి పంపుతుందో కూడా కలిపి చూడాలి.

కొలతలు చెప్తా. ఆర్‌ఎక్స్100ది ‘ఒక అంగుళం’ సెన్సర్ అంటారు గానీ అసలు కొలత 13.2 × 8.8 మి.మీ. ఏ6400లో ఉన్న ఏపీఎస్-సీ అనే సెన్సర్ 23.5 × 15.6 మి.మీ. విస్తీర్ణంలో మూడింతల పైచిలుకు పెద్దది. స్టాపుల్లో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) చెప్పాలంటే 1.6 స్టాపుల లాభం. ఇంతవరకు మిర్రర్‌లెస్‌దే పైచేయి.

ఇప్పుడు లెన్స్ పెట్టి చూడు. ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం (అపెర్చర్) కొలత, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుతురు ఎక్కువ. కిట్ లెన్స్ వైడ్‌లో ఎఫ్/3.5, జూమ్ చివర ఎఫ్/5.6. మార్క్ 3 లెన్స్ వైడ్‌లో ఎఫ్/1.8, చివర ఎఫ్/2.8. అంటే రెండు చివర్లలోనూ కాంపాక్ట్ లెన్స్ దాదాపు రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు పంపుతుంది. సెన్సర్ వల్ల వచ్చిన 1.6 స్టాపులను లెన్స్ మింగేసింది. మగ్గం ఉన్న ఇంట్లో కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందన, పెంచితే ఫొటో గరుకవుతుంది) 6400 కావాల్సిన చోట మార్క్ 3కి 1600 చాలు. రెండు ఫొటోల్లో గరుకు దాదాపు ఒకే తీరుగా కనబడుతుంది. కిట్ లెన్స్ తోనే ఆగిపోయేటట్టుంటే, ఇంటి లోపలి ఫొటోల కోసం మిర్రర్‌లెస్‌కు అదనంగా పైసలు పెట్టే అవసరం లేదు.

కృష్ణ ఒడ్డు:
పై లెక్క కరెక్టే, రెండు మాటలు కలుపుతున్న. ఒకటి, మార్క్ 3ల ఎఫ్/1.8 అనేది 24 మి.మీ. (అన్నిటికన్న వెడల్పు చూపు) దగ్గర మాత్రమే. జెర జూమ్ చెయ్యంగనే ఎఫ్/2.8కి దిగుతది. 35 దగ్గర గూడ 1.8 ఉంటదనుకోవద్దు.

రెండోది అసలు సంగతి. మిర్రర్‌లెస్ తీస్కునేది లెన్స్ మార్చేటందుకే. ఏ6400కి సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4 పెట్టి చూడు, 45 మి.మీ. చూపు వస్తది (ఏపీఎస్-సీ మీద లెన్స్ అంకెకు ఒకటిన్నర రెట్లు లెక్క). అదే చూపు దగ్గర మార్క్ 3 ఎఫ్/2.8ల ఉంటది. లెన్స్ వల్ల రెండు స్టాపులు, సెన్సర్ వల్ల 1.6, కలిపి మూడున్నర పైననే. కాంపాక్ట్‌తోటి ఐఎస్‌ఓ 6400 అయ్యే ఫొటో సిగ్మాతోటి 1600 కాడ వస్తది, ఆ 1600 గూడ పెద్ద సెన్సర్ మీద 1600. ముదురు ఎరుపు, నలుపు కలిసిన చీర మీద ఈ తేడా కంటికి కొడ్తది. చిన్న సెన్సర్ల ఐఎస్‌ఓ 3200 దాటితే ముదురు రంగులు మట్టి పట్టినట్టు అయితయి, నలుపుల ఊదా జీర వస్తది.

జీఆర్ 3 సెన్సర్ ఏపీఎస్-సీనే, 24 మెగాపిక్సెళ్లు, లెన్స్ 28 మి.మీ. చూపు, ఎఫ్/2.8. బ్యాటరీతో 257 గ్రాములు, చొక్కా జేబుల పడ్తది. ఏ6400 బాడీ, కిట్ లెన్స్ కలిపితే 519 గ్రాములు.

గద్వాల జరీ:
నేత తీసేవాళ్లకు వెలుతురు కన్నా ముందు ఎదురయ్యే చిక్కు మోయిరే. ఇకత్ బట్ట నేత సన్నగా, ఒకే వరుసలో ఉంటుంది. ఆ పోగుల వరుస, సెన్సర్ పిక్సెళ్ల వరుస దగ్గరదగ్గరగా వస్తే బట్ట మీద లేని ఇంద్రధనుస్సు అలలు కనిపిస్తాయి. జరీ అంచు మీద ఇంకా ఎక్కువ. తర్వాత కంప్యూటర్లో తీసేద్దామంటే చీర అసలు రంగు కూడా పోతుంది. అందుకని తీసేటప్పుడే చూసుకోవాలి.

ఒక ఫొటో తీసి స్క్రీన్ మీద 100 శాతం పెద్దది చేసి చూడండి. చిన్నగా కనిపించేటప్పుడు అలలు ఉండి, 100 శాతంలో లేకపోతే అది స్క్రీన్ తప్పు, ఫొటోది కాదు. 100 శాతంలోనూ ఉంటే ఒక జానెడు ముందుకో వెనక్కో జరగండి, లేదా కెమెరాను 10–15 డిగ్రీలు తిప్పండి. అప్పటికీ పోకపోతే ఏపీఎస్-సీ మీద ఎఫ్/16కి మూయండి. చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల అంచులు ఒక పిసరు మెత్తబడి అలలు తగ్గుతాయి. ఒక అంగుళం సెన్సర్‌లో ఎఫ్/8 దగ్గరే ఆ మెత్తదనం వచ్చేస్తుంది. అందుకే మామూలు ఫొటోలకు దాన్ని ఎఫ్/5.6 దాటించకూడదు.

జీఆర్ 3లో మోయిరేను ఆపే లో-పాస్ ఫిల్టర్ లేదు గానీ, సెన్సర్‌ను అతి సూక్ష్మంగా కదిలించి ఆ పని చేసే సెట్టింగ్ మెనూలో ఉంది. దాన్ని బట్టలకు మాత్రం ఆన్ చేసుకోండి, మిగతా వేళల్లో ఆఫ్.

దగ్గరి ఫొటోల సంగతి: జీఆర్ 3 మాక్రో బటన్ నొక్కితే లెన్స్ ముందు 6 సెం.మీ. వరకు ఫోకస్ అవుతుంది. మార్క్ 3 వైడ్‌లో 5 సెం.మీ., జూమ్ చివర 30 సెం.మీ. అంత దగ్గరికి పోతే కెమెరా నీడే బట్ట మీద పడుతుంది, కిటికీ వెలుతురు పక్క నుంచి వచ్చేలా నిలబడాలి. సిగ్మా 30 లెన్స్ 30 సెం.మీ. లోపల ఫోకస్ కాదు, 16 సెం.మీ. వెడల్పు బట్ట ఫ్రేములో పడుతుంది. పోగులు కావాలంటే కెమెరాకు లెన్స్‌కు మధ్య 10 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబు వేస్తే 7 సెం.మీ. కన్నా తక్కువ వెడల్పుకు వస్తుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్న ట్యూబే తీసుకోండి, లేకపోతే అపెర్చర్ కెమెరా మాట వినదు.

నాడె (పేక నూలును అటూ ఇటూ తీసుకుపోయేది) ఆడేటప్పుడు ఆగినట్టు రావాలంటే షట్టర్ 1/500 సెకండు. నేతగాని చేతులు స్పష్టంగా, నాడె మాత్రం గీతలా రావాలంటే 1/30 నుంచి 1/60. నాకైతే రెండోదే మగ్గం తీరును బాగా చూపిస్తుంది. ఆసు పోసేటప్పుడు (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టేటప్పుడు) చెయ్యి వేగంగా తిరుగుతుంది, దానికి 1/125 సరిపోతుంది.

పడుగు-పేక:
మస్తు పనికొచ్చే మాటలు. పానగల్లు గుడి లోపల ఎట్ల?

నీలగిరి వెలుగు:
ఆ నీడకు కష్టం ఏమంటే, అంచులు మెత్తగా ఉంటాయి, వెలుగు నీడల తేడా కూడా కొంచెమే. కెమెరా ఆటోలో పెడితే చీకటి చూసి ఎక్కువ వెలుగిస్తుంది, నీడ తేలిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి, రా ఫైల్ (కెమెరా తన మార్పులు చేయని ఫైల్) తీయాలి, ఒక స్టాపు తగ్గించి. దీపం వెలుగుతుంటే ఈ తగ్గింపే దాని జ్వాల తెల్ల మచ్చ కాకుండా కాపాడుతుంది.

అలాంటి చీకట్లో ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 3200 పెట్టినా షట్టర్ 1/15 దాకా దిగవచ్చు. అదే వెలుతురులో ఎఫ్/1.4తో 1/60. జీఆర్ 3కి సెన్సర్ స్టెబిలైజేషన్ ఉంది, కదలని నీడను 1/8లో చేత్తోనే తీయొచ్చు. ఏ6400 బాడీలో అది లేదు, సిగ్మా 30లోనూ లేదు, ఇది చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. ఏ6700లో ఉంది. అయితే స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకునే ఆపుతుంది. హారతి తిప్పే పూజారి చెయ్యి ఆగాలంటే 1/125 కావాల్సిందే, అక్కడ ఎఫ్/1.4 లెన్స్ తప్ప మరో దారి లేదు.

స్టాండు లేకపోతే తువ్వాలు చుట్టగా చుట్టి మండపం నేల మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, 2 సెకండ్ల టైమర్ పెట్టాలి. ఐఎస్‌ఓ 100, ఎఫ్/4, షట్టర్ ఎంతైతే అంత. గర్భగుడి గడప మీద మాత్రం పెట్టొద్దు. అర్చకులను అడిగాకే తీయాలి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి, జేబులో పట్టే కెమెరా చేత్తో తీస్తే ఆ పేచీ రాదు. కాంపాక్ట్‌కు ఇది నిజమైన బలం.

కృష్ణ ఒడ్డు:
సాగర్ గురించి. 26 గేట్ల నుంచి నీళ్లు దుంకుతుంటే తుంపర గాలితోటి చానా దూరం వస్తది. ఏ6400 కిట్ లెన్స్, మార్క్ 3, జీఆర్ 3, మూడిట్ల ఏదీ తుంపరను నమ్ముకునే తీరుగ కట్టింది కాదు. ముందుకు సాగే లెన్స్ ఉన్న కాంపాక్ట్‌ను తడి మీద ఆఫ్ చేస్తే ఆ నీళ్లను లోపలికే లాక్కుంటది. లెన్స్ బయట ఉన్నప్పుడే తుడిచి, అప్పుడు ఆఫ్ చెయ్యాలె. ఫూజీ కాంపాక్టులు ఎక్స్100వీ, ఎక్స్100 సిక్స్ తడికి తట్టుకుంటయి గానీ, ముందల అడాప్టర్ రింగు, 49 మి.మీ. ఫిల్టర్ వేసినంకనే.

నీళ్లు పాలలెక్క రావాలంటే 1/4, 1/2 సెకండు కావాలె. మిట్టమధ్యాహ్నం ఎండల ఐఎస్‌ఓ 125, ఎఫ్/8 పెడితే 1/500 వస్తది. మార్క్ 3 లోపలున్న మూడు స్టాపుల ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్) వేస్తే 1/60, అది చాలదు. పొద్దుగూకినంక అదే ఎన్‌డీ సరిపోతది. కిట్ లెన్స్‌కు 40.5, సిగ్మాకు 52 మి.మీ. ఫిల్టర్ మర ఉంది, ఆరు స్టాపుల ఎన్‌డీ బిగించి ఎఫ్/11కి మూస్తే మధ్యాహ్నం గూడ తీయొచ్చు. మార్క్ 3కి ఫిల్టర్ మరే లేదు, అతికించే రింగు కొనాలె. నల్లమల్ల మల్లెల తీర్థం లెక్క చెట్ల నీడల ఉన్న నీళ్లకైతే ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 దగ్గర 1/50 వస్తది. నాలుగు స్టాపుల ఎన్‌డీతో 1/3. అక్కడ ఎక్స్100వీ లోపలి ఎన్‌డీ అచ్చం సరిపోతది.

నల్లమల పిట్ట:
అమ్రాబాద్ సఫారీ, పక్షులు కూడా మనసులో ఉంటే ఈ చర్చ ఇక్కడితో తేలిపోతుంది. మార్క్ 3 లోని 24-70 గానీ జీఆర్ 3 లోని 28 గానీ దేనికీ పనికిరావు. ఏ6400 మీద 70-350 మి.మీ. పెడితే 525 మి.మీ. చూపు, లెన్స్ 625 గ్రాములు. లెన్స్ మార్చొద్దు అనుకుంటే ఆర్‌ఎక్స్10 మార్క్ 4 ఉంది, 24-600, కాకపోతే కిలో పైనే బరువు.

కల్యాణ వెలుగు:
పెండ్లిళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సైలెంట్ షట్టర్‌తో 1/250 పెడితే మంటపం మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. మెకానికల్ షట్టర్ పెట్టి 1/50 గానీ 1/100 గానీ వాడాలి.

ఫ్లాష్ సంగతి. మార్క్ 3లో చిన్న ఫ్లాష్ ఉంది, పైన వేరే ఫ్లాష్ పెట్టే హాట్ షూ లేదు. జీఆర్ 3లో షూ ఉంది, లోపల ఫ్లాష్ లేదు. ఏ6400లో రెండూ ఉన్నాయి. తలంబ్రాలప్పుడు ఫ్లాష్‌ను సీలింగుకు కొట్టి తీయాలంటే షూ తప్పదు. షామియానా గుడ్డ రంగుదైతే ఆ రంగే మొఖాల మీద పడుతుంది, అప్పుడు పైకి కొట్టకుండా తెల్ల కార్డు పెట్టాలి.

పగలు ఎండలో గ్రూపు ఫొటోకు మాత్రం కాంపాక్ట్‌దే గెలుపు. ఏ6400 ఫ్లాష్ షట్టర్ 1/160 దాటితే మామూలుగా కలవదు, అంటే ఎఫ్/11 దాకా మూయాలి, చిన్న ఫ్లాష్ బలం చాలదు. కాంపాక్ట్‌ల లెన్స్‌లోనే ఉండే లీఫ్ షట్టర్ 1/1000 దగ్గర కూడా ఫ్లాష్‌తో కలుస్తుంది, ఎఫ్/5 చాలు, కళ్ల కింద నీడలు పోతాయి.

బ్యాటరీ: జీఆర్ 3కి కంపెనీ లెక్కే 200 ఫొటోలు. ముహూర్తానికి మూడు బ్యాటరీలు లేకుండా పోవద్దు. కంపెనీలు రాసే పని ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు. మేలో నల్లగొండలో నీడలోనే అది దాటుతుంది, కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా వదలొద్దు.

పడుగు-పేక:
ఏ6400 బాడీ, సిగ్మా 30 వైపు మనసు పోతున్నది, కిట్ లెన్స్ లేకుండ. పత్తి, దుమ్ము ఉన్న చోట లెన్స్ మార్చుడు భయమైతుంది. ఆ బాధ కాంపాక్ట్‌కు లేదు గదా?

గద్వాల జరీ:
దుమ్ము కాంపాక్ట్‌కూ వస్తుంది. ముందుకు వెనక్కు సాగే లెన్స్ గాలిని పీలుస్తుంది, దాంతో నూగు లోపలికి పోతుంది. సెన్సర్ మీద పడ్డ నూగును బయట నుంచి తుడవలేం, మొత్తం విప్పాల్సిందే. మిర్రర్‌లెస్‌లో ఎక్కువ పడుతుంది గానీ మనమే తీసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడూ ఈ పరీక్ష చేయండి: ఐఎస్‌ఓ 100, ఎఫ్/16 (మార్క్ 3లో ఎఫ్/11), ఫోకస్ అనంతానికి పెట్టి, తెల్ల గోడకు దగ్గరగా ఉండి అర సెకండు షట్టర్‌లో కెమెరాను కదిలిస్తూ తీయండి. గోడ మీది మరకలు చెరిగిపోతాయి, సెన్సర్ మీది దుమ్ము మాత్రం నల్ల చుక్కలుగా నిలుస్తుంది.

తీసే విధానం: బ్యాటరీ నిండా ఉండాలి. మెనూలో క్లీనింగ్ మోడ్ నడిపి, ఆఫ్ చేసి, లెన్స్ తీసి, కెమెరా నోరు కిందికి పెట్టి, రబ్బరు బ్లోయర్‌తో ఐదారు సార్లు కొట్టాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. డబ్బా గాలి వాడొద్దు, అందులోని రసాయనం సెన్సర్ మీద మరకవుతుంది. అప్పటికీ పోకపోతే 16 మి.మీ. సెన్సర్ స్వాబ్ (తుడిచే పుల్ల), దాని మీద రెండు చుక్కల సెన్సర్ క్లీనింగ్ ద్రవం, ఒక వైపుతో ఎడమ నుంచి కుడికి ఒకసారి, తిప్పి రెండో వైపుతో కుడి నుంచి ఎడమకు ఒకసారి. ఆ స్వాబ్ మళ్లీ వాడకూడదు.

మగ్గం ఇంట్లో లెన్స్ మార్చొద్దు. నూలు నూగు గాల్లో ఎప్పుడూ ఉంటుంది. సిగ్మా పెట్టుకునే లోపలికి పోవాలి, ట్యూబు కావాలంటే బయటికి వచ్చి, గాలికి వీపు పెట్టి నిలబడి వేసుకోవాలి.

కృష్ణ ఒడ్డు:
వానకాలంల బూజు సంగతి గూడ చూస్కో. తోలు కవర్ల పెట్టి బీరువాల దాయొద్దు. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, లోపల పావుకిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్యన ఉండాలె. జెల్ నారింజ రంగుది తీస్కో, ఆకుపచ్చగ మారితే సన్నమంట మీద వేడి చేస్తే మళ్ల నారింజకు వస్తది. నీలం రంగు దాంట్ల కోబాల్ట్ ఉంటది, వంట గిన్నెల వేడి చెయ్యొద్దు.