ముందు చక్రాలు వణికే పాత ఫోర్ బై ఫోర్ జీపు: డాంపర్ వేస్తే చాలా, కింగ్‌పిన్ విప్పాల్సిందేనా?

లంబసింగి రోడ్డు

అందరికీ నమస్కారం. మాది మహీంద్రా ఎంఎం 540, నాన్న హయాం నాటి బండి. ప్యూజో డీజిల్ ఇంజిన్ ఇప్పటికీ పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుంది. కాఫీ బస్తాలు, మిరియాలు అన్నీ దాంట్లోనే దింపుతాం. ఇబ్బందల్లా ఒక్కటే. ఘాట్ దిగి నర్సీపట్నం వైపు మంచి రోడ్డెక్కాక 50 దాటి వెళ్తుంటే ఏ చిన్న గుంత తగిలినా ముందు చక్రాలు రెండూ వణకడం మొదలుపెడతాయి. స్టీరింగ్ చేతుల్లో నిలవదు. బ్రేకు వేసి బాగా స్లో చేస్తే గానీ ఆగదు. ఇంట్లోవాళ్లకి బండెక్కాలంటే టెన్షన్.

టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూశాను. బ్యాలెన్సింగ్ చేయించాను. తేడా లేదు. ఒక మెకానిక్ స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ కుదుపుని అణిచే, షాకబ్జార్బర్ లాంటి ఆయిల్ గొట్టం) పెట్టుకోమన్నారు, గంట పని. ఇంకొకరు కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం పక్కకి తిరిగేది ఈ పిన్ను మీదే) బేరింగులు పోయాయి, బండి వదిలి వెళ్లమన్నారు. నా దగ్గర షెడ్డు, జాకీలు, పానాల సెట్టు, గ్రీజు గన్ ఉన్నాయి. నేనే చేసుకోవాలని ఉంది. ఏది ముందు చేయాలి?

ఖమ్మం జీపు

డాంపర్ పెట్టండి బ్రదర్. నా బండికీ ఇదే జబ్బు. డాంపర్ వేయించాక ఇన్నేళ్లలో మళ్లీ వణకలేదు. ఒక కొస ఇరుసుకి, ఇంకో కొస టైరాడ్‌కి (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీకి) క్లాంపుతో బిగించడమే, ఇంట్లోనే అయిపోతుంది. ముప్పై ఏళ్లు దాటిన బండిలో ప్రతి జాయింటూ అంతో ఇంతో లూజుగానే ఉంటుంది. అన్నీ కొత్తవి వేయాలంటే బండి ధరకి మించుతుంది.

ఆటోనగర్ కుర్రాడు

విజయవాడ ఆటోనగర్‌లో ముందు ఇరుసు పనే నా పని, అందుకే గట్టిగా చెప్తున్నాను. డాంపర్ వణుకుని మింగుతుంది, వణుకు ఎక్కడ పుడుతోందో ఆ చోటుని బాగుచేయదు. లోపల బేరింగు అరుగుతూనే ఉంటుంది, మీకు మాత్రం తెలియదు. డాంపర్‌లో ఆయిల్ కారిపోయిన రోజున పాత జబ్బు రెట్టింపై వస్తుంది, అదీ బండి నిండా లోడు ఉన్నప్పుడు.

లంబసింగి అన్నా, ఏదీ కొనకముందు ఈ చెకింగ్ చేయి. బండి నేల మీదే ఉండాలి. ఒకరు స్టీరింగ్ పట్టుకుని అటూ ఇటూ కొద్దిగా, ఆపకుండా ఆడించాలి. నువ్వు కింద పడుకుని డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వచ్చే కడ్డీ), టైరాడ్ ఎండ్లు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకో. ఒక పక్క కదిలాక కాస్త ఆగి రెండో పక్క కదిలిందంటే ఆ జాయింటు పోయినట్టే. కంటికి కనపడని లూజు వేళ్లకి తెలుస్తుంది. స్టీరింగ్ బాక్సు ఛాసిస్ మీద కదులుతోందా, కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) యు-బోల్టులు టైటుగా ఉన్నాయా, షాకిల్ (పట్టీ కొసని ఛాసిస్‌కి కలిపే లింకు) బుష్‌లు అరిగాయా, ఇవీ అప్పుడే చూసెయ్.

తర్వాత ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగితే వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్‌పిన్ కావచ్చు. అప్పుడు ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమను. బ్రేకు తొక్కితే డ్రమ్ము బ్యాక్ ప్లేటుకి పట్టేస్తుంది కాబట్టి వీల్ బేరింగ్ లూజు మాయమవుతుంది. అయినా ఊగుతుంటే అది కింగ్‌పిన్నే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇది చేయకుండా డాంపర్ అమ్మేవాళ్లంటే నాకు కోపం.

డాలస్ జీపు

అమెరికాలో రాంగ్లర్ నడుపుతాను. ఇక్కడ దీన్ని డెత్ వాబుల్ అంటారు. డాంపర్ వాదన అంత తేలిగ్గా కొట్టేయలేం. 2018 నుంచి వచ్చిన కొత్త రాంగ్లర్లలో ఇదే వణుకు మీద ఫిర్యాదులు వస్తే, 2019లో కంపెనీ మార్చిన డిజైన్‌తో కొత్త స్టీరింగ్ డాంపరే బిగించి ఇచ్చింది. కొత్త బండికే డాంపర్ మందైతే పాత బండికి తప్పెలా అవుతుంది?

ఆటోనగర్ కుర్రాడు

సార్, ఆ బండికి ముందు కాయిల్ స్ప్రింగులు, ఇరుసుని పక్కకి జరగనివ్వని ట్రాక్ బార్, ఫ్యాక్టరీ నుంచే డాంపర్. అక్కడ మార్చింది బండితో పుట్టిన భాగాన్ని. ఎంఎం 540లో ఇరుసుని పట్టుకునేవి కమాన్ పట్టీలే. నకిల్ (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) మూసి ఉండే రకం, పైనా కిందా టేపర్ రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది. ఆ బేరింగుల మీద ఉండాల్సిన బిగుతే వణుకుని ఆపాలి. ఆ బిగుతు పోయిన బండికి కొత్త రాంగ్లర్ కథ వర్తించదు.

రిటైర్డ్ డిపో

ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యాను. చెకింగ్ వరకు కుర్రాడు చెప్పినదంతా నిజం. కానీ కింగ్‌పిన్ పని ఇంట్లో సొంతంగా చేసుకోవడం దగ్గర నేను ఒప్పుకోను.

ముందు బండి లేపడం గురించి చెప్తాను, దీని మీద ఎవరూ మాట్లాడలేదు. ఈ పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే గేర్ల పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద డ్రమ్ముంటుంది. వెనక చక్రం ఒక్కటి గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ వల్ల రెండోది నేల మీదే స్వేచ్ఛగా తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా బండి కదులుతుంది. ముందు చక్రాల పనైనా సరే, వెనక రెండు చక్రాలకీ ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. జాకీ మీద వదలకుండా ఇరుసు కింద స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

రెండోది, కింగ్‌పిన్ బేరింగులు మార్చాలంటే హబ్బు, డ్రమ్ము, బ్యాక్ ప్లేటు, స్పిండిల్ అన్నీ ఊడాలి. బ్యాక్ ప్లేటుని బ్రేకు గొట్టం మీద వేలాడదీసి, లోపల గొట్టం చిట్లి, వారం తర్వాత బ్రేకు పోయిన బండ్లు మా దగ్గరికి వచ్చాయి. ఇంజిన్ పని తేడా కొడితే బండి ఆగిపోతుంది. స్టీరింగ్, బ్రేకు పని తేడా కొడితే బండి ఆగదు. ఘాట్ రోడ్డు మీద నడిచే బండికి ఈ పని తెలిసిన చేయే చేయాలి.

ఆటోనగర్ కుర్రాడు

బాబాయ్, హ్యాండ్ బ్రేకు మాట వంద శాతం నిజం. మిగతాది కాదనక తప్పట్లేదు. చాలా షాపుల్లో ఈ బేరింగు బిగుతు కొలిచేవాళ్లే లేరు. చేత్తో తిప్పి "బాగుంది" అని పంపేస్తారు. విల్లీస్ (మహీంద్రా జీపులకి మూలమైన అమెరికా కంపెనీ) పాత సర్వీస్ మాన్యువల్‌లో పద్ధతి స్పష్టంగా ఉంది. టైరాడ్ విడదీసి, నకిల్ ఆయిల్ సీల్ తీసేసి, స్టీరింగ్ ఆర్మ్ కొసకి స్ప్రింగ్ కాటా తగిలించి లాగితే 4 నుంచి 6 పౌండ్ల దగ్గర కదలాలి, అంటే సుమారు 1.8 నుంచి 2.7 కిలోలు. తేలిగ్గా కదిలితే క్యాప్ కింద షిమ్ములు (పల్చటి రేకులు) తగ్గించాలి, బరువుగా ఉంటే కలపాలి. మీ బండి మాన్యువల్‌లో అంకె వేరే ఉంటే అదే పట్టుకోండి. స్ప్రింగ్ కాటా కిరాణా కొట్లో కూడా ఉంటుంది. సొంత బండి కాబట్టి ఓపిగ్గా కొలుచుకునేవాడు, హడావుడి షాపు కంటే బాగా చేస్తాడని నా నమ్మకం. బ్యాక్ ప్లేటుని కమాన్ పట్టీకి బైండింగ్ వైరుతో కట్టేస్తే గొట్టానికి భయం లేదు.

ఒక్క హెచ్చరిక. నకిల్ తిప్పుతుంటే నిటారుగా ఉండే చోట గంటు పడ్డట్టు ఆగి ఆగి తిరిగితే షిమ్ములతో ఆడుకోవద్దు. రోలర్లు బేరింగు బయటి కప్పులో గుంటలు చేసేశాయని అర్థం. కప్పులతో సహా సెట్టు మార్చాల్సిందే.

ఖమ్మం జీపు

మరి ఆ సెట్టు దొరికే దాకా బండి ఇంట్లో పెట్టుకు కూర్చోవాలా? కాఫీ కోత ఆగదు కదా. డాంపర్ వేసుకుని తిరుగుతూ సామాను వెతుక్కోవచ్చు. నా మాట అదే.

రిటైర్డ్ డిపో

తిరగొచ్చు, 40 దాటకుండా, మనుషుల్ని ఎక్కించకుండా. ఆ షరతు డాంపర్ వేశాక ఎవరూ పాటించరు. వణుకు కనపడటం లేదు కదా అని 60 తొక్కుతారు. నా అభ్యంతరం అక్కడే.

లంబసింగి రోడ్డు

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ తమ్ముణ్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి కింద నుంచి చూశాను. టైరాడ్ ఎండ్లు గట్టిగానే ఉన్నాయి. డ్రాగ్ లింక్ ఒక కొస కొంచెం లూజు. దిమ్మలు, స్టాండ్లు బాబాయ్ గారు చెప్పినట్టే పెట్టి చక్రాలు ఊపాను. కుడిపక్క బ్రేకు తొక్కగానే ఊగడం ఆగింది. ఎడమపక్క తొక్కినా ఊగుతోంది. ఎడమ నకిల్ కింద గ్రీజు బదులు ఎర్రటి బురదనీళ్లు కారుతున్నాయి. వాగు దాటిన ప్రతిసారీ సీల్ లోంచి నీళ్లు పోయాయనుకుంటా.

రెండు పక్కలకీ బేరింగు సెట్లు, సీళ్లు ఆర్డరు పెడుతున్నాను. డాంపర్ ఇప్పుడు వేయట్లేదు. అవి వచ్చేదాకా సరుకు దింపడానికి మా బావ బండి అడిగాను. విప్పేది నేనే, బిగించే రోజు మాత్రం మా ఊరి పెద్ద మెకానిక్‌ని పక్కన ఉండమంటాను. ఆటోనగర్ తమ్ముడూ, కుడిపక్క వీల్ బేరింగ్ నట్టు ఇప్పుడే బిగించెయ్యనా, ఎలాగూ కింగ్‌పిన్ కోసం విప్పుతాను కాబట్టి అప్పుడే చూసుకోనా?

ఆటోనగర్ కుర్రాడు

ఇప్పుడు ముట్టుకోకు అన్నా. ఎలాగూ బండి తీయట్లేదు కదా. హబ్బు ఊడదీసినప్పుడు బేరింగులు కడిగి, రోలర్ల మీద నీలి మచ్చలు, పొక్కులు ఉన్నాయేమో చూసి అప్పుడు సెట్ చేద్దాం. డ్రాగ్ లింక్ కొసని మాత్రం ఆ ఆర్డర్‌లోనే కలుపు. బిగించేటప్పుడు పాత స్ప్లిట్ పిన్నులు తిరిగి వాడకు, కొత్తవి ఒక ప్యాకెట్ తెచ్చి పెట్టుకో.

రిటైర్డ్ డిపో

బ్యాక్ ప్లేటు కట్టడానికి వైరు కూడా. ఎడమ నకిల్ బంతి మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు నాయనా, బాగా తుడిచి ఒక ఫోటో పెట్టు, చూసి చెప్తాను.