షాపు నంబరు పిలకాయల జేబుల్లో కాకుండా షాపులోనే ఉండాలంటే ఇంటర్నెట్ ఫోన్ పనికొస్తుందా?

అల్లూరు మేత షాపు: అందరికీ నమస్కారం. మాది అల్లూరులో రొయ్యల మేత, మందుల షాపు, కావలిలో ఇంకో బ్రాంచి ఉంది, గోడౌన్ వేరే చోట. ఐదుగురు పిలకాయలు పనిచేస్తారు. ఎవరి ఫోన్ వాళ్లదే, రైతులు కూడా ఆ పిలకాయల నంబర్లకే చేస్తారు. పోయిన నెల ఆరేళ్లుగా మాతో ఉన్న అబ్బాయి మానేసి వేరే షాపులో చేరాడు, అందులో తప్పేం లేదు వాడి బతుకు వాడిది, కానీ వాడితో పాటే అరవై డెబ్బై మంది రైతుల ఫోన్లు కూడా అటు పోయినాయి. వాళ్లకి మా షాపు మీద కోపమేం లేదు, వాళ్ల ఫోన్‌లో "మేత షాపు" అని సేవ్ అయి ఉన్న నంబరు వాడిది, అంతే.

అసలు బాధ ఇంకోటి ఉంది. రొయ్యల గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామున మూడు నాలుగింటికే బాగా పడిపోద్ది, రొయ్యలు పైకి తేలి గట్టెంట తిరుగుతుంటే రైతు టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడి ఆక్సిజన్ బిళ్లల కోసం మాకు ఫోన్ చేస్తాడు. ఆ టైంలో పిలకాయ ఫోన్ సైలెంట్లో ఉంటే ఇంక అంతే. విడవలూరు వైపు రైతు ఒకాయన మొన్న తొమ్మిది సార్లు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఒకటి ఆయనది అప్పటికే ఆగిపోయి ఉంది, ఎకరన్నర గుంట పోయింది. పొద్దున్నే ఆ తొమ్మిది మిస్డ్ కాల్స్ చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకుంటే ఒకే నంబరు అందరి దగ్గరా మోగుద్ది అంటున్నారు. నిజమేనా, మా పల్లెటూరి నెట్‌కి నిలుస్తుందా, తెలిసినోళ్లు చెప్పండి.

పొగతోట ల్యాబ్: అన్నా మాది నెల్లూరు పొగతోటలో రక్తపరీక్షల సెంటర్. మేం రెండేళ్ల కిందట మార్చుకున్నాం. మాకున్నదీ నీ బాధే, రిసెప్షన్‌లో అమ్మాయి మారినప్పుడల్లా ఇంటికొచ్చి రక్తం తీసే కేసులు పోయేవి. ఇప్పుడు ఒకే నంబరు, అది మా డబ్బాలో ఉండదు, కంపెనీవాళ్ల సర్వర్‌లో ఉంటది, దాన్నే క్లౌడ్ టెలిఫోనీ అంటున్నారు. ఎవరు చేసినా ముగ్గురి దగ్గర ఒకేసారి మోగుద్ది, ఎవరు ముందు ఎత్తితే వాళ్లకి కలుస్తది. ఎత్తకపోతే ఆ నంబరు లిస్టులో ఎర్రగా పడి ఉంటది, సాయంత్రం కూర్చుని ఒక్కొక్కరికీ తిరిగి చేస్తాం. నిజం చెప్పాలంటే మాకు కలిసొచ్చింది ఈ ఎర్ర లిస్టే, ఎన్ని ఫోన్లు పోతున్నాయో అంతకుముందు మాకు లెక్కే తెలీదు.

ఒక తప్పు చేశాం, నువ్వు చేయొద్దు. మొదట్లో "రిపోర్టుల కోసం ఒకటి నొక్కండి, ఇంటికి రావాలంటే రెండు నొక్కండి" అని ఆరు మెట్లు పెట్టించాం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి చేసే పెద్దవాళ్లు ఆ మాట సగం విని, ఎవరో మిషన్ మాట్లాడుతోందని పెట్టేసేవాళ్లు. వారంలో తీసేశాం. గట్టు మీద నిలబడ్డ రైతు చేత నంబర్లు నొక్కించొద్దన్నా, చేయంగానే మనిషి పలకాల.

రికార్డింగ్ పెట్టుకుంటే కాల్ మొదట్లోనే రికార్డవుతోందని చెప్పించు, చెప్పకుండా చేయడం మర్యాద కాదు. మాకైతే బాగా పనికొచ్చింది, పరగడుపున రమ్మన్నామా తిని రెండు గంటలయ్యాక రమ్మన్నామా అనే గొడవ ఆగిపోయింది.

ఒంగోలు నెట్‌వర్క్ పని: నేను ఒంగోలులో ఆఫీసులకి, హాస్పిటళ్లకి ఈ ఫోన్లే బిగిస్తుంటాను, కొంచెం పెద్దగా రాస్తాను ఓపికగా చదువుకోండి.

ముందు ఒక సంగతి. ఇంటర్నెట్ ఫోన్ అనగానే చాలామంది వాట్సాప్ కాల్ అనుకుంటారు. వాట్సాప్ కాల్ వాట్సాప్ ఉన్నోళ్లకే పోద్ది, కీప్యాడ్ ఫోన్ పట్టుకున్న రైతు దాంట్లో నీకు చేయలేడు. నీకు కావాల్సింది మామూలు నంబరే, ఏ ఫోన్ నుంచి చేసినా మోగాలి, కాకపోతే నీ వైపు మాట రాగి తీగ మీద కాకుండా నెట్ మీద వస్తది. మాటని సెకనుకి యాభై ముక్కలు చేసి పంపుతది, అంటే ముక్కకి 20 మిల్లీసెకన్ల మాట, అవతల మళ్లీ వరసగా అతుకుతది. ఇదేం కొత్త వింత కాదు, నీ 4జీ ఫోన్ మీద వోల్టీ అని కనపడుద్ది చూడు అదీ ఇదే పద్ధతి, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చిన దగ్గర్నుంచి మనందరం వాడుతున్నదే. ఫైబర్ డబ్బా వెనక ల్యాండ్‌లైన్ గుచ్చే రంధ్రం ఉంటది, అదీ ఇంటర్నెట్ ఫోనే.

మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచే నెట్ ఫోన్‌కి పర్మిషన్ ఉంది, కానీ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి, లేదంటే కంప్యూటర్ నుంచి ఫారిన్ ఫోన్‌కి, అంతవరకే. ఇక్కడి మామూలు నంబర్లకి కలపనిచ్చేవాళ్లు కాదు. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసి 2018లో టెలికాం శాఖ స్పష్టత ఇచ్చాక దారి తెరుచుకుంది. లాక్‌డౌన్‌లో ఆఫీసులన్నీ ఇళ్లకి చేరాక ఇంక ఆగలేదు, ఇంట్లో కూర్చున్నోడి దగ్గర ఆఫీసు నంబరు మోగాలంటే ఇదే తేలికైన దారి మరి.

ఇప్పుడు నీ నెట్ గురించి. ఒక్క కాల్‌కి పోను 90, రాను 90 కేబీపీఎస్ (నెట్ వేగం కొలత, వెయ్యి కేబీపీఎస్ అంటే ఒక ఎంబీపీఎస్) కూడా పట్టదు, ఐదు కాల్స్ ఒకేసారి నడిచినా అర ఎంబీపీఎస్ లోపే. కాబట్టి స్పీడ్ గురించి దిగులు పడబాక, నిలకడ చూసుకో. మాట అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటిందంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగడం మొదలవుద్ది, ముక్కలు ముందు వెనక వస్తే గొంతు గరగరలాడుద్ది. షాపులో సీసీ కెమెరాలు రికార్డింగ్‌ని నెట్ మీదకి ఎక్కిస్తుంటే ఆ బరువు ఫోన్ మీద పడుద్ది, రౌటర్‌లో ఫోన్‌కి ముందు దారి ఇవ్వమని సెట్ చేయించు.

లైసెన్స్ ఉన్న కంపెనీ దగ్గరే నంబరు తీసుకో, షాపు కాగితాలు, కేవైసీ అడుగుతారు, అడగాలి కూడా. కాగితాల్లేకుండా చవగ్గా ఇస్తానంటూ సిమ్ముల డబ్బా పెట్టి కాల్స్ దారి మళ్లించేవాళ్లు తిరుగుతున్నారు, సిమ్ బాక్స్ అంటారు దాన్ని, నేరం అది, పోలీసు కేసు నీ షాపు అడ్రస్ మీదకే వస్తది. ఇంకోటి, ఆ నంబరు నుంచి కొత్త మేత వచ్చింది రండి అని ఊరందరికీ ప్రచారం కాల్స్ కొట్టించొద్దు, ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు వేరే ఉన్నాయి, రిజిస్టర్ చేసుకోవాలి. అట్లా చేసుకోనోళ్ల లైన్లు కోసేయమని 2024 ఆగస్టులో ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది.

అల్లూరు మేత షాపు: అన్నా శానా విషయం చెప్పినావు, థ్యాంక్స్. మూడు అనుమానాలు. మాకు రాత్రి కరెంటు పోతా ఉంటది, పోతే ఫోన్ చచ్చిపోద్దా? షాపు పెట్టినప్పటి ల్యాండ్‌లైన్ నంబరు ఉంది, అది ఇందులోకి తెచ్చుకోవచ్చా? మూడోది ముఖ్యమైంది, తెల్లవారుజామున ఎవరి దగ్గర మోగాల?

ఒంగోలు నెట్‌వర్క్ పని: పాత రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్చేంజ్ నుంచే వచ్చేది, అందుకే ఇంట్లో చీకటైనా మోగేది. ఫైబర్‌కి ఆ సౌకర్యం లేదు, డబ్బా ఆరిందంటే ఫోన్ ఆరినట్టే. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ ఒకటి పెట్టు, ముందు ఆ డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చదివి కొనుక్కో. క్లౌడ్ నంబర్ అయితే ఇంకో ధీమా, నంబరు షాపులో ఉండదు కాబట్టి షాపులో నెట్ పోయినా కాల్‌ని మొబైల్‌కి మళ్లిస్తది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వానలకి మా కస్టమర్ ఒకాయనకి ఫైబర్ తెగితే ఆయన సెల్లుకే ఆఫీసు కాల్స్ అన్నీ వచ్చినాయి, చేసినోళ్లకి తేడానే తెలీలేదు.

పాత ల్యాండ్‌లైన్ నంబరుని ఇంకో కంపెనీకి తీసుకుపోవడం కుదరదు, మార్చుకునే వీలు మన దగ్గర మొబైల్ నంబర్లకే ఉంది. దాన్ని వదిలేయకుండా కొత్త నంబరుకి ఫార్వర్డ్ పెట్టి ఒక ఏడాది నడుపు, బిల్లు బుక్కు మీదా మేత బస్తాల చీటీ మీదా కొత్త నంబరు వేయించు. వాట్సాప్ బిజినెస్ కూడా ఆ కొత్త నంబరు మీదే తెరువు, ఓటీపీ మెసేజ్ రాకపోతే కాల్ చేసి చెప్పమను, గొంతుతో చెప్తది. స్వాగతం మాట అదీ పెట్టించకముందే ఈ పని చేసుకో, లేకుంటే వాట్సాప్ కాల్ వెళ్లి ఆ మిషన్ మాటతో మాట్లాడుద్ది. ఒక ఫోన్‌తో పాటు ఇంకో నాలుగు చోట్ల దాన్ని తెరుచుకోవచ్చు.

తెల్లవారుజాము సంగతి జాగ్రత్తగా విను, అందరూ దెబ్బ తినేది ఇక్కడే. ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు మోగుద్ది అంటారు. పగలు మోగుద్ది. రాత్రి ఫోన్ కదలకుండా గంటలు పడి ఉంటే చాలా ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తాయి, అప్పుడు కాల్ వచ్చినట్టు కూడా తెలియకపోవచ్చు. కాబట్టి రాత్రి పది నుంచి ఆరు దాకా యాప్‌ని నమ్మొద్దు, మామూలు మొబైల్ కాల్‌గానే మళ్లించు. గోడౌన్‌లో వాచ్‌మన్ మంచం పక్కన ఒక టేబుల్ ఫోన్ పెట్టు, గంట గట్టిగా మోగేది. ఆయన 20 సెకన్లలో ఎత్తకపోతే ఆ రాత్రి డ్యూటీ ఉన్న పిలకాయకి, ఆ తర్వాత నీకు. వరస నువ్వే రాసి కంపెనీవాళ్లకివ్వు.

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు: చెప్పకూడదనుకున్నా గానీ ఒకరికైనా పనికొస్తదని చెప్తున్నా. మాది గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి, చైనా బయ్యర్లతో రోజూ మాట్లాడాల. వాళ్ల దేశంలో వాట్సాప్ పనిచేయదు, వాళ్లు వాడే వీచాట్‌ని 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. రాతి బ్లాక్ ఫోటో పంపి రేటు మాట్లాడుకునే దారే మూసుకుపోయింది. మామూలు ఐఎస్‌డీ చేస్తే బిల్లు చూసి భయమేసేది, అప్పుడు ఇంటర్నెట్ ఫోన్‌కి మారాం, ఖర్చు బాగా తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

అయితే బిగించినతను మా ఎక్స్‌టెన్షన్లకి, అంటే ఆఫీసులో ఒక్కో ఫోన్‌కి ఇచ్చే చిన్న నంబర్లకి, పాస్‌వర్డ్ కూడా ఎక్స్‌టెన్షన్ నంబరే పెట్టి పోయాడు. 101కి 101. ఒక శనివారం రాత్రి ఎవడో బయటినుంచి దూరి మా లైన్ మీద మేం పేరు కూడా వినని దేశాలకి తెల్లారేదాకా కాల్స్ కొట్టించాడు. సోమవారం పొద్దున బ్యాలెన్స్ సున్నా. మేం ముందుగా డబ్బు కట్టే పద్ధతిలో ఉండబట్టి ఆ మొత్తంతో ఆగింది, నెలాఖరు బిల్లు పద్ధతైతే ఎంతయ్యేదో. నీకు విదేశాలతో పని లేదు కదా, ఐఎస్‌డీ పూర్తిగా మూసేయించు తమ్ముడూ. పాస్‌వర్డ్‌లు పొడుగ్గా పెట్టించి నీ ఎదురుగానే మార్పించు.

అల్లూరు మేత షాపు: మూడు వారాలయ్యాక రాస్తున్నా. నంబరు వచ్చింది, ఐఎస్‌డీ మూయించా, గోడౌన్‌లో టేబుల్ ఫోన్ పెట్టా. షాపులో బాగుంది. కావలి బ్రాంచిలో మాత్రం వింత సమస్య, రైతు మాట మాకు వినపడుద్ది, మా మాట ఆయనకి వినపడదు. ఒక్కోసారి రెండు వైపులా బాగానే ఉండి అరనిమిషానికి దానంతటదే కట్ అయిపోద్ది. కంపెనీవాళ్లు నెట్ బాలేదంటారు, నెట్ వాళ్లు ఫోన్ బాలేదంటారు.

ఒంగోలు నెట్‌వర్క్ పని: నెట్ బాగానే ఉంది, ఫోన్ కూడా బాగానే ఉంది. ఆ రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఒక ఆప్షన్ ఉంటది, ఫోన్‌కి సాయం చేద్దామని మధ్యలో దూరి అడ్రస్‌లు తారుమారు చేస్తది. ఒక వైపు మాట పోవడం, 30 సెకన్ల దగ్గర కట్ అవడం, ఈ రెండూ కలిసి వచ్చాయంటే నేను మొదట చూసేది దాన్నే. రౌటర్ సెట్టింగ్స్‌లోకి పోయి దాన్ని ఆఫ్ చేసి, రౌటర్ ఒకసారి ఆపి వెయ్యి, తర్వాత టేబుల్ ఫోన్‌ని కూడా. ఆ ఆప్షన్ కనపడకపోతే నెట్ వాళ్లకి ఆ పేరే చెప్పు, వాళ్లు వాళ్ల వైపు నుంచి తీస్తారు.

అల్లూరు మేత షాపు: అదే అన్నా! ఆఫ్ చేయంగానే సరిపోయింది, కావలిలో పావుగంట మాట్లాడి చూశాం, కట్ కాలేదు.

నిన్న తెల్లవారుజామున 3:40కి ఊటుకూరు వైపు నుంచి కాల్ వచ్చింది. వాచ్‌మన్ ఎత్తలేదు, బయటికి పోయినాడంట, డ్యూటీ పిలకాయ రెండో రింగుకే ఎత్తి నాలుగున్నర లోపల బిళ్లలు గట్టు మీద దించాడు. గుంట నిలబడింది. పొద్దున లిస్టు తెరిచి చూస్తే ఆ కాల్ ఎవరెత్తారో, ఎన్ని సెకన్లకి ఎత్తారో అన్నీ ఉన్నాయి. విడవలూరు రైతు దగ్గరికి నేనే స్వయంగా పోయి కొత్త నంబరు ఆయన ఫోన్‌లో ఎక్కించి వచ్చా.

పొగతోట ల్యాబ్: శానా సంతోషం అన్నా. ఒక్క మాట, 108కో 112కో చేయాల్సి వస్తే ఈ ఫోన్ నుంచి కాకుండా సెల్లు నుంచే చేయమని పిలకాయలకి చెప్పిపెట్టు, నెట్ ఫోన్ నుంచి చేస్తే మనం ఎక్కడున్నామో వాళ్లకి సరిగ్గా తెలియకపోవచ్చు. టేబుల్ ఫోన్ మీద చీటీ అంటించు, మేం అట్లే అంటించాం.