ఇంగ్లండ్‌లో వీధి చివరి పబ్‌కి కుటుంబంతో వెళ్ళొచ్చా? మందు తాగనివాళ్ళకి అక్కడేముంటుంది?

డడ్లీకి కొత్త:

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి ఈమధ్యే డడ్లీకి వచ్చాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప. మా వీధి చివర పాతకాలం పబ్ ఒకటి ఉంది. ఎర్ర ఇటుకల కట్టడం, మసక అద్దాల కిటికీలు, గుమ్మం పైన ఓక్ చెట్టు బొమ్మతో బోర్డు. సాయంత్రం అటుగా వస్తుంటే లోపల్నుంచి నవ్వులు వినిపిస్తాయి. పక్కింటి పెద్దాయన కనబడ్డప్పుడల్లా "ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అక్కడికే రండి, అందరం ఉంటాం" అని పిలుస్తున్నారు.

నాకూ వెళ్ళాలనే ఉంది. కానీ నేను మందు ముట్టను. మా ఆవిడ పాలు, గుడ్లు తీసుకుంటుంది గానీ మాంసం, చేప తినదు. జ్యూస్ తాగుతూ కూర్చుంటే ఏమైనా అనుకుంటారా? పాపని లోపలికి రానిస్తారా? ఆర్డర్ టేబుల్ దగ్గరికొచ్చి తీసుకుంటారా, మనమే వెళ్ళాలా? టిప్ ఎంత ఇవ్వాలి? అసలు టెన్షన్ మాత్రం వేరే. లోపల అందరూ ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళలా కనిపిస్తున్నారు. మనం అడుగుపెడితే తేడాగా చూస్తారేమోనని. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నైట్‌డ్యూటీ అక్క:

తమ్ముడూ, నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ ఒకసారి వెళ్తే తెలిసిపోయేవే.

తలుపు తీయగానే తలలు ఇటు తిరుగుతాయి. ఆ తలుపు తీసేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళకి తెలిసినవాళ్ళే, అందుకని ఎవరొచ్చారా అని చూడటం వాళ్ళకి అలవాటు. నువ్వు తిన్నగా కౌంటర్ దగ్గరికి వెళ్ళి పలకరించి, "ఈ వీధిలోకి కొత్తగా వచ్చాం" అని ఒక్క మాట చెప్పు. పక్కన నిలబడ్డవాళ్ళే మిగతా సంభాషణ అందుకుంటారు. ఏ నంబరు ఇల్లు, అందులో ఇంతకుముందు ఎవరుండేవాళ్ళు, పైకప్పు ఎక్కడ కారుతుంది, అన్నీ నీకే చెప్తారు. నేనిక్కడ ఆసుపత్రి వార్డులో పనిచేస్తాను. రాత్రి డ్యూటీల వారం ముగిశాక మా వార్డువాళ్ళం పబ్‌లో కలుస్తాం. మా అబ్బాయి చదువుకని వేరే ఊరెళ్ళిపోయి ఇల్లు బోసిపోయిన రోజుల్లో నన్ను పేరుపెట్టి పిలిచి, "ఈరోజు కాస్త నలతగా ఉన్నావే" అని అడిగినచోటు అదే. అందుకే ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

ఇంకో సంగతి నీకు తెలియాలి. నీకు కూతవేటు దూరంలోనే స్మెథిక్ ఉంది. 1960ల్లో అక్కడి ఫౌండ్రీల్లో పంజాబీలు చాలామంది పనిచేసేవాళ్ళు. కొలిమి దగ్గర పక్కపక్కనే నిలబడి పనిచేసినవాళ్ళని, పబ్‌కి వెళ్తే కొన్ని గదుల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ గదులు తెల్లవాళ్ళకే. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దీనిమీద పోరాడింది. అందులో ముందు నిలిచినవాడు అవతార్ సింగ్ జోహల్ అనే ఫౌండ్రీ కార్మికుడు. 1965 ఫిబ్రవరి 12న అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వస్తే అక్కడి పరిస్థితి ఆయనకి కళ్ళారా చూపించారు. మరో తొమ్మిది రోజులకే ఆయన హత్య జరిగింది. అదే ఏడాది చివర రేస్ రిలేషన్స్ చట్టం అమల్లోకి వచ్చి, రంగు చూసి పబ్‌లో సర్వ్ చేయననడం చట్టవిరుద్ధమైంది. తర్వాత్తర్వాత మనదేశం నుంచి వచ్చిన కుటుంబాలే పబ్‌లు తీసుకుని నడిపాయి. వెస్ట్ బ్రామిచ్‌లో రెడ్ లయన్, వైన్ (అంటే ద్రాక్షతీగ) అనే పబ్‌లు అలాంటివే, దేశీ పబ్‌లంటారు. ఇనప పెనం మీద చిటపటలాడుతూ వచ్చే రకరకాల మాంసాల మిక్స్‌డ్ గ్రిల్, పక్కనే పైంట్ బీరు, ఒకే టేబుల్ చుట్టూ అన్ని రంగుల మనుషులు. ఒక్కసారైనా వెళ్ళి చూడు. మనకంటే ముందొచ్చినవాళ్ళు కొట్లాడి తెరిపించిన తలుపు ఇది. నువ్వు బెరుకుగా తలవంచుకుని వెళ్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక పద్ధతులు. టేబుల్ దగ్గర కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్పాలి, అక్కడే డబ్బు కట్టాలి, పానీయం చేతిలో పట్టుకుని వచ్చి కూర్చోవాలి. క్యూ కనబడదు గానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరొచ్చారో లోపలున్నవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. చెయ్యి ఊపడం, నోటు పైకెత్తి చూపించడం, చిటిక వెయ్యడం అస్సలు వద్దు. కళ్ళు కలిస్తే చాలు. నీకంటే ముందొచ్చినవాళ్ళని వదిలేసి నిన్ను అడిగితే, "వాళ్ళు ముందు" అని చూపించు. ఈ ఒక్క పనితో నీకు వచ్చే గౌరవం ఏ టిప్‌తోనూ రాదు. భోజనమైతే టేబుల్ నంబరు చూసుకుని వెళ్ళు, పళ్ళెం వాళ్ళే తెచ్చిస్తారు. టిప్ ఇవ్వక్కర్లేదు. బాగా చూసుకున్నారనిపిస్తే డబ్బు కట్టేటప్పుడు "మీరూ ఒకటి తీసుకోండి" అను. ఒక డ్రింకు ఖరీదు దాంట్లో కలుపుకుంటారు.

మందు తాగనందుకు ఎవరూ ఏమీ అనరు. లైం అండ్ సోడా అడుగు, చవక. జింజర్ బీర్ ఉంటుంది, ఇప్పుడు ఆల్కహాల్ లేని బీర్లూ చాలాచోట్ల ఉంటున్నాయి. చాలా పబ్‌లలో టీ, కాఫీ కూడా ఇస్తారు. మంచినీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలని మద్యం లైసెన్సు షరతుల్లోనే ఉంది. ఏదో ఒకటి కొనుక్కోవడం మాత్రం మర్యాద. ఆ లైం సోడా డబ్బుతోనే కదా ఆ గదిలో నిప్పు వెలిగేది.

తాగేవాళ్ళు చదువుతుంటే వాళ్ళకోసం కూడా చెప్తాను. మా బ్లాక్ కంట్రీకి, అంటే డడ్లీ చుట్టుపక్కల ప్రాంతానికి వచ్చి సీసా లాగర్ బీరు అడగొద్దు. కౌంటర్ మీద పొడుగు చేతిపిడులు కనిపిస్తాయి చూడండి, వాటిని లాగి పోసేది కాస్క్ ఏల్ అనే బీరు. పీపాలోనే రెండోసారి పులుస్తుంది, గ్యాస్ కలపరు. నేలమాళిగ చల్లదనంలోనే, అంటే 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు. అది వెచ్చగా ఉండటం కాదు, ఆ చల్లదనంలోనే బార్లీ గింజ రుచి తెలుస్తుంది. నల్లటి మైల్డ్ అనే ఏల్ ఒక హాఫ్‌తో, అంటే అర పైంట్‌తో మొదలుపెట్టండి, ఆల్కహాల్ మూడున్నర శాతం దగ్గరే ఉంటుంది. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, నాకైతే హాఫే చాలు. బ్రయర్లీ హిల్‌లో వైన్ అనే ఇంకో పబ్ ఉంది, అందరూ బుల్ అండ్ బ్లాడర్ అంటారు. పక్కనే బాథమ్స్ బ్రూవరీ, 1877 నుంచి ఒకే కుటుంబం. నెథర్టన్‌లో ఓల్డ్ స్వాన్‌కి వెళ్తే పైకప్పుకేసి చూడండి. ఎనామెల్ రేకుల మధ్య హంస బొమ్మ. 1970ల మొదట్లో దేశం మొత్తమ్మీద సొంతంగా బీర్ కాచుకునే పాత పబ్‌లు నాలుగే మిగిలితే, అందులో ఇదొకటి.

తిండి గురించి. మా వైపు చాలా పబ్‌లలో పెద్ద వంటగది ఉండదు. కౌంటర్ మీద గాజు పెట్టెలో కాబ్‌లు, అంటే గుండ్రటి గట్టి రొట్టెలో మందంగా చీజ్, పచ్చి ఉల్లిపాయ. అంతే. ఆకలి మీద అంత రుచి ఇంకోటి లేదు, శాకాహారులకీ భేషుగ్గా సరిపోతుంది. పంది చర్మాన్ని కరకరలాడేలా వేయించిన స్క్రాచింగ్స్‌కి మా ప్రాంతమే పుట్టిల్లు. చలికాలంలో గ్రే పీస్ అని ముదురు బఠాణీలు బేకన్‌తో ఉడికించి పెడతారు. మీ ఆవిడకి పనికిరాదు, కానీ నువ్వు తినేవాడివైతే వదలకు.

అన్నట్టు ఓక్ చెట్టు బొమ్మంటే మీ పబ్ పేరు బహుశా రాయల్ ఓక్ అయ్యుంటుంది. 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిన రాజు రెండో చార్లెస్ ఓక్ చెట్టెక్కి దాక్కున్నది ఇక్కడికి దగ్గర్లోని బాస్కొబెల్‌లోనే.

లీడ్స్ శాకాహారి:

అక్క బాగా చెప్పారు. శాకాహారం గురించి నేను కలుపుతాను, ఎందుకంటే మెనూలో కనబడని విషయాలే ఎక్కువ.

అలెర్జీల పట్టిక అడిగితే ఇస్తారు. చట్టప్రకారం 14 పదార్థాల గురించి చెప్పి తీరాలి. కానీ జంతువుల కొవ్వు ఆ 14లో లేదు. అంటే పట్టిక చూసి ఇది శాకాహారం అని నిర్ణయించుకోవడానికి లేదు, నోరు తెరిచి అడగాలి. చిప్స్ దేంట్లో వేయించారు? నూనెలోనా, బీఫ్ డ్రిప్పింగ్‌లోనా, అంటే గొడ్డు కొవ్వులోనా? మా యార్క్‌షర్‌లో డ్రిప్పింగ్ బాగా వాడతారు. నూనే అయినా, చేప వేయించిన మూకుట్లోనే వేశారా? ఆదివారం రోస్ట్‌లో, అంటే కాల్చిన మాంసంతో పెట్టే మధ్యాహ్న భోజనంలో, బంగాళాదుంపలు బాతు కొవ్వులోనో డ్రిప్పింగ్‌లోనో కాలుస్తారు. యార్క్‌షర్ పుడ్డింగ్ పిండి, పాలు, గుడ్డే, కానీ దాని గిన్నెలో రాసేది కొవ్వు కావచ్చు. గ్రేవీ మామూలుగా మాంసం రసమే. శాకాహార గ్రేవీ విడిగా ఉందా అని అడిగితే చాలాచోట్ల ఉంటుంది. పప్పులు, గింజలతో చేసే నట్ రోస్ట్ బాగా చేసేచోట నిజంగా బాగుంటుంది. ప్లౌమన్స్ లంచ్ అయితే చీజ్, రొట్టె, పచ్చడి, ఆపిల్. కొన్నిచోట్ల పంది మాంసం ముక్క కూడా పెడతారు, ముందే వద్దని చెప్పండి.

మందు తాగే శాకాహారులకి ఒక మాట. కాస్క్ ఏల్ తేటపడటానికి చాలామంది ఐసింగ్లాస్ వేస్తారు, అది చేపల గాలితిత్తి నుంచి తీసేది. బీరు తేటపరచడానికి వాడితే దాన్ని చేప అలెర్జీ కింద చెప్పక్కర్లేదని మినహాయింపు ఉంది, కాబట్టి పట్టికలో కనబడదు. గిన్నిస్ బీరు కంపెనీ కొన్నేళ్ళ క్రితమే దాన్ని మానేసింది. ఇప్పుడు చిన్న బ్రూవరీలు కొన్ని తేటపరచకుండానే, కాస్త మసకగా అమ్ముతున్నాయి. ఇవన్నీ అడిగితే విసుక్కుంటారని అనుకోకండి. రద్దీ లేనప్పుడు అడిగితే వంటగదిలోకి వెళ్ళి కనుక్కుని మరీ చెప్తారు.

స్లౌ నాన్న:

పిల్లల సంగతి నేను చెప్తాను. పదహారేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళతో ఉంటే చట్టానికి అభ్యంతరం లేదు, రానివ్వాలా వద్దా అనేది పబ్ ఇష్టం. భోజనం పెట్టే పబ్‌లలో పగటిపూట పిల్లలు మామూలే. రాత్రి ఎనిమిదో తొమ్మిదో దాటాక చాలాచోట్ల పిల్లల్ని ఉండనివ్వరు, తలుపు మీద రాసుంటుంది. 2007 జులై నుంచి లోపల పొగతాగడం నిషేధం, ఆ దిగులు అక్కర్లేదు. వెనకాల తోట ఉంటే మాత్రం అక్కడ పొగ ఉంటుంది, గాలివాటం చూసుకుని కూర్చోండి. పాపని డార్ట్స్ బోర్డు వైపు పరిగెత్తనివ్వొద్దు. కుక్కలుంటాయి, ముట్టుకునేముందు యజమానిని అడగడం నేర్పండి. మా వాడికి కుక్కల భయం పోయింది పబ్‌లోనే.

డడ్లీకి కొత్త:

అందరికీ చాలా థాంక్స్. స్మెథిక్ సంగతి చదివి మా ఆవిడే "ఈ ఆదివారమే వెళ్దాం" అంది. ఇంకొక్క అనుమానం. పక్కింటాయన, ఆయన స్నేహితులు నాకు కొనిస్తామంటారు కదా. వాళ్ళు పైంట్లు తాగుతారు, నాది లైం సోడా. ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనే రౌండ్ పద్ధతిలో నేను కూడా అందరికీ కొనాలా? నలుగురైదుగురు ఉంటారు.

నైట్‌డ్యూటీ అక్క:

వాళ్ళ దగ్గర ఒక్కటి తీసుకున్నావంటే నీ వంతు వచ్చినప్పుడు అందరికీ కొనాలి తమ్ముడూ, నీది ఏదైనా సరే. ఎవరూ లెక్క రాయరు గానీ అందరికీ గుర్తుంటుంది. మా వైపు మామూలు పబ్‌లో పైంట్ 4 పౌండ్ల చుట్టుపక్కల, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. లండన్‌లో అయితే 6 దాటిపోతుంది. అయిదుగురికి కొనాలంటే 20 పౌండ్ల పైమాటే. ఇప్పుడు కొత్త కాపురం, ఖర్చులుంటాయి. కాబట్టి మొదట్లోనే నవ్వుతూ "ఈరోజు పాపతో వచ్చాం, మావి మేం తీసుకుంటాం" అని చెప్పెయ్యి. ఎవరూ తప్పు పట్టరు. కావాలంటే వెళ్ళేముందు పక్కింటాయన ఒక్కడికి కొనిపెట్టు, పిలిచిన మనిషి కదా. రౌండ్లో ఉంటే వాళ్ళ గ్లాసులు సగానికి రాగానే లేచి అడుగు, ఖాళీ అయ్యేదాకా ఆగకు.

ఆదివారానికి మాత్రం ఊరికే వెళ్ళొద్దు. రేపు సాయంత్రం నువ్వొక్కడివే ఓసారి తొంగిచూడు. లైం సోడా తీసుకుని, ఆదివారం ముగ్గురికి టేబుల్ రాసుకోమని చెప్పు. ఒంటిగంటకి అడుగు. రోస్ట్ ఒకసారే వండుతారు, మధ్యాహ్నం గడిచేకొద్దీ ఒక్కొక్కటే అయిపోతుంది. నట్ రోస్ట్ ఒకటి, గ్రేవీ విడిగా, దుంపలు నూనెలో వీలవుతుందా అని అప్పుడే కనుక్కో. చిన్నపిల్లల పళ్ళెం సగం ధరకి ఉంటుందేమో అడుగు. చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్ ఉంటే ఒకటి తీసుకుని మూడు చెంచాలు అడగండి, ఒక్కళ్ళు తినలేరు.